చూరు గట్టరును నిప్పురవ్వల నుంచి కాపాడుకోవడం: ఆస్ట్రేలియా ఇళ్ళకు ఏ పద్ధతి సరిపోతుంది

ఆస్ట్రేలియాలో కార్చిచ్చుకు ఆహుతయ్యే ఇళ్ళలో చాలా వాటిని అడవి మంట నేరుగా తాకదు. మంట ఇంకా దూరంగా ఉండగానే, ఒక్కోసారి అది దాటిపోయాక కూడా, గాలి మోసుకొచ్చిన నిప్పురవ్వలు ఇంటి సందుల్లో చేరి, అక్కడ దొరికిన ఎండుటాకును రాజేసి, నెమ్మదిగా ఇంటికి అంటుకుంటాయి. 2003 జనవరి 18న కాన్‌బెర్రా నగరంలోకి మంటలు చొరబడి 500 దాకా ఇళ్ళను బూడిద చేసినప్పుడు ఒక్క డఫీ అనే పేటలోనే 200కు పైగా ఇళ్ళు పోయాయి. ఆ పేటను పరిశీలించిన ఆస్ట్రేలియా ప్రభుత్వ విజ్ఞాన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధకులు నష్టంలో ఎక్కువ భాగానికి నిప్పురవ్వలే మూలమనీ, వాటితో అంటుకున్న ఇంటి నుంచి మంట పక్క ఇంటికి పాకిందనీ తేల్చారు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మందిని బలిగొన్న మంటల్లో రవ్వలు 30 కిలోమీటర్లకు పైగా ముందుకు ఎగిరి కొత్త మంటలను రేపాయి. అడవికి నాలుగు వీధుల ఇవతల ఉన్నామన్న ధీమాను ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఇంటి మీద రవ్వలకు అన్నిటికన్నా అనువైన చోటు చూరు అంచున వాననీటిని పట్టే రేకు కాలువ, అంటే గట్టరు. రేకు కాలదు, అందులో పేరుకున్న ఆకు కాలుతుంది. గట్టరుకు వెనుక ఆనుకొని ఫేసియా అనే పలక, చాలా ఇళ్ళలో అది చెక్కదే, ఉంటుంది. దాని పైన పెంకుల చివరి వరుస గానీ ముడతల రేకు అంచు గానీ, ఆ అంచు కింద సందు, ఆ సందుకు అవతల కప్పుకూ సీలింగుకూ మధ్య ఎండిన కలప, ఏళ్ళ తరబడి చేరిన దుమ్ము ఉన్న ఖాళీ. గట్టరులో కొద్దిసేపు రగిలిన మంట ఆ సందు గుండా లోపలికి పోయిందంటే, బయట ఉన్నవారికి పొగ కనిపించే వేళకు లోపలి దూలాలు అంటుకొని ఉంటాయి. స్లాబు ఇళ్ళలో పెరిగి మెల్‌బోర్న్, సిడ్నీ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఈ అమరిక కొత్త. డాబా మీద పడిన వాన తూము గుండా పోతుంది, పిట్టగోడ పక్కన చేరిన చెత్తను చీపురుతో ఊడ్చేస్తే సరిపోతుంది. అందువల్ల గట్టరు అనగానే వానాకాలపు గొడవగానే తోస్తుంది గానీ, ఎండాకాలపు ముప్పుగా తట్టదు.

ముందు తెలుసుకోవలసినవి

ఏది కొనాలన్న ప్రశ్నకు ముందు మీ స్థలానికి ఉన్న బాల్ స్థాయి (బుష్‌ఫైర్ అటాక్ లెవెల్, అంటే కార్చిచ్చు ముప్పు ఎంతో చెప్పే మెట్టు) ఏమిటో చూడాలి. ఏఎస్ 3959 అనే ఆస్ట్రేలియా ప్రమాణం కార్చిచ్చు ముప్పును బాల్-లో (అతి తక్కువ ముప్పు), 12.5, 19, 29, 40, ఫ్లేమ్ జోన్ అని ఆరు మెట్లుగా విడగొట్టింది. ఆ అంకెలు మంట నుంచి ఇంటికి తగలగల వేడిని చదరపు మీటరుకు ఇన్ని కిలోవాట్లని చెబుతాయి. విక్టోరియాలో కార్చిచ్చు ముప్పు ప్రాంతంగా గుర్తించిన చోట కొత్త ఇంటిని కనీసం 12.5 స్థాయికి కట్టాలి. అలాంటి చోట కట్టిన కొత్త ఇంటికి సంబంధించిన అనుమతి కాగితాల్లో ఈ స్థాయి ఉంటుంది. ప్రమాణం రాకముందు కట్టిన పాత ఇళ్ళను దానికి తగ్గట్టు మార్చి తీరాలన్న నిర్బంధం లేదు కనుక, పాత ఇల్లు కొన్నవారు గట్టరు వెనుక ఏమి ఉందో తామే నిచ్చెన వేసుకొనో, పనివాడిని పిలిచో చూసుకోవాలి.

రెండవది, మీ కప్పు మీద ఏ చెట్టు ఆకు పడుతున్నది. మన వైపు జామాయిల్ అనే యూకలిప్టస్ జాతి చెట్లు ఇక్కడ చలికి ముందు ఒక్కసారిగా ఆకు రాల్చవు. ఎండలు ముదిరిన నెలల్లోనే ఎక్కువ ఆకును, పొడవాటి బెరడు పీలికలను రాలుస్తాయి. అంటే ముప్పు పెరిగే రోజుల్లోనే గట్టరు నిండుతుంది. సరుగుడు చెట్టు ఉంటే కథ వేరు: కోస్తా ఊళ్ళలో పెరిగినవారికి తెలిసిన ఆ సన్నని పుల్లలాంటి ఆకు ఎంత చిన్న కన్నంలోనైనా నిలువుగా దూరి, జాలీని కుట్టినట్లు పట్టుకుంటుంది. చెట్టే లేని కొత్త కాలనీలో ఇంటి కప్పు మీద పడేది దుమ్ము, గాలికి కొట్టుకొచ్చిన ఎండుగడ్డి, పిట్టల గూళ్ళ పుల్లలు మాత్రమే. ఈ మూడు ఇళ్ళకూ ఒకే సలహా ఇచ్చేవారిని నమ్మనక్కరలేదు.

శుభ్రం చేయడం ఒక్కటే చాలునా

ఖాళీ గట్టరులో పడిన రవ్వ తనంతట తాను ఆరిపోతుంది. అందుకే అగ్నిమాపక సంస్థలైన విక్టోరియాలోని సీఎఫ్ఏ గానీ, న్యూ సౌత్ వేల్స్‌లోని ఆర్ఎఫ్ఎస్ గానీ ఇంటిని సిద్ధం చేసుకోమని చెప్పే పనుల్లో గట్టరు శుభ్రపరచడం తప్పక ఉంటుంది. ఒక్క అంతస్తు ఇల్లు, కప్పు మీదికి వంగిన కొమ్మ ఏదీ లేని స్థలం, నిచ్చెన మీద నిలకడగా నిలబడగల మనిషి, ఈ మూడూ ఉన్నచోట మరే ఖర్చూ అవసరం లేదని నా అభిప్రాయం. జాలీ అమ్మేవారు ఈ మాట చెప్పరు.

అయితే ఈ పద్ధతికి ఉన్న లోపం పద్ధతిలో లేదు, మనిషిలో ఉంది. వసంతంలో ఒకసారి శుభ్రం చేసి వేసవి అంతా నిశ్చింతగా ఉండడం ఇక్కడ కుదరదు. పైన చెప్పిన కారణం వల్ల డిసెంబరులోనూ, జనవరిలోనూ, గట్టి గాలి వీచిన ప్రతిసారీ మళ్ళీ చూడాలి. ఆ నెలల్లోనే ఎక్కువ కుటుంబాలు సెలవులకు ఇండియా వెళతాయి. రెండంతస్తుల ఇంటికి నిచ్చెన వేసి ఎక్కడం ప్రమాదకరమైన పని, దానికి కిరాయి మనిషిని పిలవడమే మంచిది. వేడి గాలులు వీస్తున్న రోజున, పొగ కనిపిస్తున్నప్పుడు, ఎవరూ కప్పు ఎక్కకూడదన్నది అగ్నిమాపక సంస్థలు గట్టిగా చెప్పే మాట.

కొమ్మలు కొట్టించడం కూడా శుభ్రతలో భాగమే, పైగా అన్నిటికన్నా మూలాన్ని తాకే పని అదే. న్యూ సౌత్ వేల్స్‌లో 2014లో వచ్చిన 10/50 నియమం ప్రకారం, గుర్తించిన ప్రాంతాల్లో ఇంటికి 10 మీటర్ల లోపు చెట్లనూ, 50 మీటర్ల లోపు చెట్లు కాని పొదలనూ అనుమతి లేకుండానే తొలగించుకోవచ్చు. విక్టోరియా నియమాలు వేరుగా ఉంటాయి. రెండు చోట్లా మీ చిరునామా ఆ ప్రాంతంలోకి వస్తుందో లేదో చూసుకున్న తరువాతే రంపం పట్టాలి.

జాలీలు: ఏ పదార్థం, ఏ కన్ను

కప్పు మీద చెట్టు ఉండి, దాన్ని తొలగించే వీలు లేకపోతే గట్టరుకు జాలీ వేయించాలి. ఇక్కడే కొనుగోలుదారు ఎక్కువగా పొరబడతాడు, ఎందుకంటే దుకాణంలో జాలీలన్నీ ఒకే వరుసలో, ఆకును ఆపుతాయన్న ఒకే మాటతో అమ్ముడవుతాయి. ఆకును ఆపడం వేరు, నిప్పుకు ఆగడం వేరు.

గట్టరులో చొప్పించే స్పాంజి కడ్డీలు, సీసాలు కడిగే కుంచెలాంటి ప్లాస్టిక్ బ్రష్షులు, పాలిథీన్ వలలు చవకగా దొరుకుతాయి, ఎవరైనా స్వయంగా అమర్చుకోవచ్చు. కార్చిచ్చు ముప్పు ఉన్న ఇంటికి వీటిలో ఏదీ పనికిరాదు. పాలిథీన్ సుమారు 130 డిగ్రీల దగ్గర, బ్రష్షుల్లో వాడే పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. ఆకును తొలగించి దాని స్థానంలో ఇంకా బాగా మండే సరుకును మనమే గట్టరు పొడుగునా పరిచినట్లవుతుంది. బ్రష్షు వెంట్రుకల మధ్య చిక్కిన ఆకును తీయడం కూడా కష్టమే. ఇంతకు ముందున్న యజమాని వీటిని పెట్టించి ఉంటే, కొత్తది వేయించేదాకా ఆగకుండా ముందు వాటిని పీకించాలి.

ఏఎస్ 3959 ప్రకారం 12.5 స్థాయి నుంచి పైకి, గట్టరుకూ రెండు వాలులు కలిసే మడతకూ జాలీ వేస్తే అది మండని పదార్థంతో చేసినదై ఉండాలి. కొన్ని ప్లాస్టిక్ వలల పెట్టె మీద మండే సూచిక తక్కువ అని రాసి ఉంటుంది. అది ఏఎస్ 1530.2 అనే పరీక్షలో వచ్చిన అంకె, సున్నా నుంచి 100 వరకు ఉండే కొలమానం; మండని పదార్థమా కాదా అని తేల్చే పరీక్ష ఏఎస్ 1530.1. తక్కువ సూచిక ఉన్నంత మాత్రాన ఆ సరుకు మండనిది అయిపోదు. అమ్మేవాడిని ఏఎస్ 1530.1 గురించే అడగాలి.

లోహాల్లో అల్యూమినియం, ఉక్కు ప్రధానం. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, జింకు–అల్యూమినియం పూత ఉన్న రేకు కప్పులతో చక్కగా కలిసిపోతుంది. కానీ అది 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రవ్వలు, దూరపు మంట వేడి మాత్రమే తగిలే 12.5, 19, 29 స్థాయిల ఇళ్ళకు ఇది చాలు; 40 స్థాయిలోనూ, మంట నేరుగా తాకగల ఫ్లేమ్ జోన్‌లోనూ ఉక్కునే ఎంచుకోవాలి. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు మంచిదన్న పేరు విని దాన్ని జింకు–అల్యూమినియం పూత ఉన్న రేకు మీద నేరుగా ఆనించి బిగిస్తే, ముఖ్యంగా సముద్రానికి దగ్గర ఊళ్ళలో, రెండు లోహాల మధ్య తడి చేరి రేకు పూత తినివేయబడుతుంది. జాలీ నిలుస్తుంది, కప్పు పోతుంది. రేకు కప్పుకు రంగు పూత పూసిన ఉక్కు జాలీ గానీ అల్యూమినియం గానీ, పెంకు కప్పుకు వీటిలో ఏదైనా వాడవచ్చు.

కన్ను సైజు విషయంలో ఒక పేచీ ఉంది. రవ్వలను ఆపడానికి కిటికీలకూ గాలి రంధ్రాలకూ వేసే జాలీ కన్ను 2 మిల్లీమీటర్లు మించకూడదని ఏఎస్ 3959 చెబుతుంది. గట్టరు జాలీల్లో అంతకన్నా పెద్ద కన్ను ఉన్నవి చాలానే దొరుకుతాయి. కన్ను పెద్దదైతే సన్నని రవ్వలు, సరుగుడు ఆకు లోపలికి పోతాయి. చిన్నదైతే ఏడాదికల్లా దుమ్ము, పెంకుల పొడి పట్టి, జోరువానకు నీరు గట్టరులోకి దిగకుండా జాలీ మీదుగా జారి ముంగిట్లో పడుతుంది. నా తూకం 2 మిల్లీమీటర్ల వైపే మొగ్గుతుంది, ఎందుకంటే పొంగిన నీటికి పరిష్కారాలున్నాయి.

అమర్చే తీరు సరుకంత ముఖ్యం. జాలీ గట్టరు ముందు అంచు నుంచి కప్పు వాలుకు సమానంగా పైకి పోయి, పెంకుల రెండవ వరుస కింద గానీ రేకు మడతల మీద గానీ బిగుసుకోవాలి. అప్పుడే ఆకు గాలికి జారిపోతుంది, గట్టరు వెనుక సందు కూడా మూసుకుంటుంది. గట్టరు నోటికి మాత్రమే అడ్డంగా పరిచిన జాలీ మీద ఆకు చాపలా పేరుకుంటుంది. ఫేసియా పక్కనే, రేకు అంచు కిందే, అది ఎండి కూర్చుంటుంది. జాలీ వేసిన తరువాత ఇక చూడనక్కరలేదన్న హామీ ఏ కంపెనీ ఇచ్చినా అది వాన నీటికి సంబంధించిన హామీయే. ఏడాదికి ఒక్కసారైనా పైన తుడవాలి, రెండు వాలులు కలిసే మడతల దగ్గర మరింత తరచుగా.

జాలీ ఎంత మంచిదైనా గట్టరు వెనుక సందు తెరిచి ఉంటే డబ్బు తప్పుచోట పెట్టినట్లే. ముడతల రేకు చివరన ప్రతి మడత కిందా ఒక కన్నం ఉంటుంది. దాన్ని ఖనిజ ఉన్నితో గానీ, సన్నని లోహపు జాలీతో గానీ, రేకు ఆకారానికి కత్తిరించిన లోహపు పట్టీతో గానీ మూయించాలి. అక్కడ కూడా చవకగా దొరికే ఫోము పట్టీ వద్దు. రవ్వలు లోపలికి పోకుండా పెంకుల కింద పరిచే సార్కింగ్ అనే పొర ఉందో లేదో చూడాలి, లేకపోతే కప్పు మార్పించే రోజున వేయించుకోవాలి. డబ్బు పరిమితంగా ఉంటే ముందు ఈ సందులు, తరువాతే జాలీ. సందర్భం వచ్చింది కనుక, మెల్‌బోర్న్ కప్పుల మీద పెట్టెల్లా కనిపించే ఎవాపరేటివ్ కూలర్లకు కూడా 2 మిల్లీమీటర్ల లోహపు జాలీ ఉండాలి. బయటి గాలిని లోపలికి పీల్చడమే వాటి పని, గాలితోపాటు రవ్వలనూ పీలుస్తాయి.

గట్టరును నీటితో నింపడం

మంట వస్తున్నదన్న కబురు అందగానే, గట్టరు నీటిని నేలకు దించే డౌన్‌పైపుల నోళ్ళు మూసి గట్టరులో నీరు నింపమన్న సలహా ఇక్కడ చాలాకాలంగా ఉంది. ఇసుక నింపిన మేజోడు, టెన్నిస్ బంతి, దుకాణంలో దొరికే రబ్బరు బిరడా, ఏదైనా పనిచేస్తుంది. ఖర్చు లేదు, తర్కం సరళం. అందుకే దీన్ని చాలామంది తమ ఏకైక రక్షణగా పెట్టుకుంటారు, అది పొరపాటు.

115 మిల్లీమీటర్ల మామూలు గట్టరు 10 మీటర్ల పొడవుకు సుమారు 50 లీటర్లు పడుతుంది. ఇంటి చుట్టూ 60 మీటర్లుంటే 300 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లిచ్చే తోట గొట్టంతో పావుగంట పని, ఒత్తిడి సరిగా ఉంటేనే. వీధి అంతా అదే సమయంలో కుళాయిలు తిప్పితే ఆ ఒత్తిడి ఉండదు. పైగా నీరు పోవడానికి గట్టరును 500కు ఒకటి చొప్పున వాలుగా కడతారు. 10 మీటర్ల వరుసలో ఒక చివర మరో చివరకన్నా 20 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది, కనుక ఎత్తు చివర నీరు పలచగానే ఉంటుంది. కొత్త ఇళ్ళ గట్టర్ల ముందు భాగంలో పొంగు నీటికి చీలికలు ఉంటాయి, వాటి మట్టం దాకానే నీరు నిలుస్తుంది. ముందు అంచు వెనుక అంచుకన్నా ఎత్తుగా ఉన్న గట్టరయితే, ఎక్కువైన నీరు ముందుకు కాక చూరు లోపలికి పొర్లుతుంది. ఇవన్నీ ప్రశాంతంగా ఉన్న రోజున ఒకసారి నింపి చూస్తే తెలిసిపోయే సంగతులు.

జాలీకీ నీటికీ మధ్య ఒక చిక్కు కూడా ఉంది. జాలీ బిగించిన గట్టరులో డౌన్‌పైపు నోరు చేతికి అందదు. జాలీ వేయించేటప్పుడే ఆ చోట తెరుచుకునే ముక్క పెట్టించకపోతే రెండింటిలో ఒకటే మిగులుతుంది. పనివాడు మీకు చెప్పకుండానే ఇది పెడతాడని అనుకోవద్దు. కప్పు నీటినే తాగే పల్లె ఇళ్ళవారు ట్యాంకుకు పోయే పైపును ముందుగానే విడదీయాలి, లేకపోతే తరువాతి మొదటి వానతో బూడిద అంతా తాగునీటిలో చేరుతుంది.

స్ప్రింక్లర్లు, గట్టరే లేని చూరు

కప్పు మీద, చూరు వెంట నీటి స్ప్రింక్లర్లు పెట్టించడం ఖరీదైన మార్గం. ఇందుకు ఏఎస్ 5414 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. మంట వేళ కరెంటు, కుళాయి నీరు రెండూ ఆగిపోతాయని అనుకొనే దీన్ని కట్టాలి: సొంత ట్యాంకు, డీజిలు లేదా పెట్రోలు పంపు, నేలపైన కనిపించే ప్రతి పైపూ లోహంతో చేసినది. వేడిగాలికి తుంపర ఎగిరిపోకుండా ఇంటి మీదే పడేలా నాజిళ్ళను అమర్చగల అనుభవజ్ఞుడు కావాలి. ప్లాస్టిక్ గొట్టంతో తోటకు వాడే స్ప్రింక్లరును కప్పు మీద కట్టి దీన్నే వ్యవస్థ అనుకోవడం కన్నా ఆ డబ్బు జాలీకి పెట్టడం మేలు. అడవిలో పెద్ద స్థలం, సొంత నీరు, పంపును నెలనెలా నడిపి చూసే ఓపిక ఉన్నవారికే ఇది తగినది.

గట్టరును పూర్తిగా తీసేయడం కాగితం మీద అన్నిటికన్నా పరిశుద్ధమైన పరిష్కారం, ఆకు చేరే చోటే ఉండదు. కానీ కప్పు నుంచి జారిన నీరు పునాది పక్కనే పడుతుంది, నేలలో రాళ్ళు నింపిన కాలువ కట్టాలి, కప్పు నీటి మీద ఆధారపడినవారికి ఇది అసలే కుదరదు. పక్క ఇంటికి మీటరు దూరంలో ఉన్న నగర శివారు ఇంటికి దీని ప్రస్తావన అనవసరం.

ఎవరికి ఏది

చెట్టు లేని కొత్త కాలనీలో 12.5 స్థాయి ఇల్లు ఉన్నవారికి శుభ్రతే నా సలహా. సెలవులకు ఊరు వెళ్ళే ముందు వారం ఆ పని పూర్తి చేయాలి, లేదా పక్కింటివారికి అప్పగించాలి. జామాయిల్ కొమ్మలు కప్పు మీద ఉన్న పెంకుటింటికి ముందు సందుల మూత, ఆపైన 2 మిల్లీమీటర్ల అల్యూమినియం జాలీ, డౌన్‌పైపుల దగ్గర తెరుచుకునే ముక్కలు. మెల్‌బోర్న్ దగ్గరి డాండెనాంగ్ కొండల్లోనో సిడ్నీ దగ్గరి బ్లూ మౌంటెన్స్‌లోనో 40 స్థాయి స్థలంలో ఉన్నవారికి ఉక్కు జాలీ, సొంత నీరు, వీటన్నిటితోపాటు ముప్పు సూచికను అన్నిటికన్నా పై మెట్టయిన కెటస్ట్రఫిక్ అని ప్రకటించిన రోజున ఉదయాన్నే ఇల్లు విడిచి వెళ్ళే ఏర్పాటు. ఆ స్థాయి రోజున ఏ ఇంటినీ నిలబడి కాపాడుకోవచ్చన్న భరోసా ఏ జాలీ ఇవ్వదు; ఈ పనులన్నీ మనుషులు లేని ఇల్లు తనను తాను కాచుకోవడానికి చేసేవి.

అద్దె ఇంట్లో ఉన్నవారు సొంత డబ్బుతో జాలీ వేయించనక్కరలేదు, యజమాని అనుమతి లేకుండా వేయించకూడదు కూడా. గట్టర్ల శుభ్రత సాధారణంగా యజమాని బాధ్యతే కనుక ఏజెంటుకు రాతపూర్వకంగా, గట్టరు ఫొటోలతో సహా, ఆగస్టులోనే అడగాలి. అక్టోబరు దాటితే గట్టరు పనివారు దొరకడం కష్టమవుతుంది, జనవరిలో రెండవసారి రమ్మని అదే ఉత్తరంలో కోరితే మళ్ళీ వెంటపడే శ్రమ తప్పుతుంది.